తాళం ఎవరి చేతిలో ఉంది?

2023 జూలై చివరి వారంలో మునేరు పొంగి, నందిగామ దాటాక ఐతవరం దగ్గర జాతీయ రహదారి మీదికి ఎక్కింది. హైదరాబాద్, విజయవాడల మధ్య రాకపోకలు నిలిచిపోయాయి. బండ్లను మిర్యాలగూడ, గుంటూరు మీదుగా చుట్టు తిప్పి పంపారు. 2024 సెప్టెంబరు మొదట్లో మళ్లీ అదే తంతు. ఈ సంగతిని కంప్యూటరుకు చెప్పాలంటే ఎంత సమాచారం కావాలి? వరద నీళ్ల రంగు అక్కర్లేదు, టోల్‌గేటు ఫొటో అక్కర్లేదు. చిల్లకల్లు, నందిగామ, ఐతవరం, కీసర, కంచికచర్ల అని ఐదు చుక్కలు పెట్టి, వాటిని కలుపుతూ గీతలు గీసి, ఐతవరానికీ కీసరకూ మధ్య గీత పక్కన ఒక గుర్తు పెడితే సరిపోతుంది: దారి తెరిచి ఉందా, మూసి ఉందా. అది ఒకే ఒక్క బిట్. ఆ బిట్ మారిన క్షణం నుంచి కీసర వైపు వెళ్లబోయే వాళ్లందరికీ, పది మందైనా వంద మందైనా, ఒకే జవాబు వస్తుంది. అక్షరాలతో నలుగురూ కలిసి ఆడే ఆటకు పునాది ఇదే. స్థలాలు, దారులు, వస్తువులు, మనుషులు, వాటి ప్రస్తుత స్థితి అన్నీ ఒక సర్వరులో ఉంటాయి. ఆటగాడు ఒక వాక్యం టైపు చేస్తాడు. స్థితి మారుతుంది. మారిన సంగతి అక్కడున్న అందరికీ వాక్యంగా చేరుతుంది. ఫోనులో ఇలాంటి ఆటలు ఇంగ్లీషులో ఏళ్లుగా నడుస్తున్నాయి. తెలుగులో వాటి ఊసు పెద్దగా వినపడదు. ఇందుకు సిగ్నలు అందకపోవడమో, ఫోను శక్తి చాలకపోవడమో, కుర్రకారు బొమ్మలకు మరగడమో కారణమని చెప్పేస్తుంటారు. అసలు అడ్డు వేరే చోట ఉందని నా వాదన. తెలుగు వాక్యాన్ని విడదీసి అర్థం చేసుకుని, తిరిగి సరైన తెలుగు వాక్యం కట్టి చెప్పే చిన్న యంత్రాన్ని ఈ పని కోసం ఎవరూ ఓపిగ్గా తయారు చేయలేదు. ఆ పని పైకి కనిపించేంత కష్టమైందీ కాదు. కొన్ని విషయాల్లో తెలుగు వ్యాకరణం ఇంగ్లీషు కంటే దానికి ఎక్కువ కలిసొస్తుంది.

ఈ ఆటల పుట్టుక గురించి కాస్త చెప్పుకోవాలి. 1976లో విల్ క్రౌథర్ అనే అమెరికన్ ప్రోగ్రామరు ఒక గుహను మాటల్లో వర్ణిస్తూ 'అడ్వెంచర్' అనే ఆట రాశాడు. మరుసటి ఏడు డాన్ వుడ్స్ దాన్ని పెంచాడు. అది ఒంటరి ఆట. గుహలో ఆటగాడు తప్ప మరో మనిషి లేడు. 1978లో ఇంగ్లండులోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో రాయ్ ట్రబ్‌షా అనే విద్యార్థి పీడీపీ-10 యంత్రం మీద అదే రకం లోకాన్ని పలువురు ఒకేసారి తిరిగేలా చేశాడు. తర్వాత ఆ పనిని రిచర్డ్ బార్టిల్ అందుకుని ముందుకు నడిపాడు. దాని పేరు మల్టీ యూజర్ డంజియన్, పొట్టిగా మడ్. తర్వాత వచ్చిన ఈ జాతి ఆటలన్నిటికీ మడ్ అనే పేరే స్థిరపడింది. ఆ రోజుల్లో టెలిఫోన్ తీగ మీద మోడెం సెకనుకు 30 అక్షరాలు మోసేది. అంటే మనిషి కళ్లతో చదివే వేగానికి కాస్త అటూ ఇటూ. గొట్టం అంత సన్నగా ఉన్నా ఆట ఆగలేదు. చదివేవాడి కంటే వేగంగా పంపి ప్రయోజనం కూడా లేదు కదా. 1989లో టైనీమడ్, ఎల్‌పీమడ్, ఆ వెంటనే కోపెన్‌హాగెన్ విశ్వవిద్యాలయం నుంచి డీకూమడ్ వచ్చాయి. డీకూమడ్ ఎముకల గూటి మీదే తర్వాతి కాలపు బొమ్మల లోకాలు చాలా మటుకు కండ పట్టాయి. మన దేశంలో 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ ఇంటర్నెట్‌ను జనానికి అందించినప్పుడు చవకగా దొరికిన ఖాతా అక్షరాలు మాత్రమే చూపించే షెల్ ఖాతా. బొమ్మలు కనిపించే ఖాతాకు ఎక్కువ కట్టాల్సి వచ్చేది. ఆ రకంగా మన ఇంటర్నెట్ బాల్యం కూడా అక్షరాల్లోనే గడిచింది.

ముందు సిగ్నలు సంగతి లెక్క వేద్దాం. ఆటలో ఒక చోటికి చేరగానే ఇలాంటి వర్ణన వస్తుందనుకుందాం: "మునేటి వంతెన మీద ఉన్నావు. కింద నీళ్లు ఎర్రగా పరుగెడుతున్నాయి. తూర్పున టోల్‌గేటు, పడమట ఐతవరం. ఇక్కడ ఒక ఇనప తాళం పడి ఉంది." ఒత్తులు, గుణింతాలు, ఖాళీలు విడివిడిగా లెక్కిస్తే ఇందులో దాదాపు 120 సంకేతాలున్నాయి. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు సరిపోతే, నేడు అందరూ వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు సంకేతం ఒక్కోదానికి మూడు బైట్లు పడతాయి. ఎస్సెమ్మెస్‌లో కూడా మనకు ఈ పన్ను తప్పలేదు. ఇంగ్లీషుకు 160 అక్షరాలిచ్చే సందేశం తెలుగుకు 70 సంకేతాలతోనే నిండిపోతుంది. అయినా మన వంతెన వర్ణన మొత్తం 320 బైట్ల లోపే. దాని మీద ఇంటర్నెట్ చిరునామాల కవరు కనీసం 40 బైట్లు. ఐదు సెకన్లకొకసారి ఇంత వర్ణన వస్తూ గంటసేపు ఆట సాగితే మొత్తం రెండు వందల అరవై కిలోబైట్లు. ఓ మోస్తరు నాణ్యత గల వీడియో రెండు సెకన్లలో అంత తాగేస్తుంది. ఆటగాడు పంపే "తూర్పు" అనే ఆజ్ఞ 18 బైట్లే, కాబట్టి ఉత్తరం కంటే కవరే బరువు. పైగా తెలుగు పాఠాన్ని కుదించడం సులువు. ప్రతి తెలుగు సంకేతంలో మొదటి బైటు ఎప్పుడూ ఒకటే, రెండోది రెండింటిలో ఒకటి. మడ్ ఆటలకు పాతికేళ్లుగా వాడుకలో ఉన్న కుదింపు పద్ధతి ఇలాంటి పునరుక్తిని ఇట్టే పిండేస్తుంది. మూడింతల పన్నులో పెద్ద వాటా అలా వెనక్కి వచ్చేస్తుంది. టవర్ల మీద ఒత్తిడి పెరిగి 4జీ ఫోను 2జీకి దిగిపోయినా, సెకనుకు నాలుగైదు వేల బైట్లు అందుతున్నంతవరకు ఈ ఆట నడుస్తుంది.

బైట్లు తక్కువ కాబట్టి ఫోనుకు ఇది పువ్వు మోసినంత తేలిక అనుకుంటే పొరపాటు. ఇక్కడ రెండు చిక్కులున్నాయి, రెండూ ఎసెక్స్ వాళ్లకు ఎదురుకానివే. మొదటిది బ్యాటరీ. ఫోనులోని రేడియో ఒక చిన్న పొట్లం పంపాక వెంటనే నిద్రపోదు. మరో పొట్లం వస్తుందేమోనని కొన్ని సెకన్లపాటు మేలుకునే ఉంటుంది. ఐదు సెకన్లకొక చిన్న వాక్యం వస్తూ ఉంటే రేడియోకు కునుకే ఉండదు. డేటా ఖర్చు లేకపోయినా చార్జింగ్ ఖర్చవుతుంది. అత్యవసరం కాని కబుర్లను సర్వరు పోగేసి ఒకేసారి పంపడం దీనికి మందు. ఎవరో పక్క వీధిలోకి వెళ్లారన్న కబురు పది సెకన్లు ఆలస్యమైతే కొంప మునగదు. రెండో చిక్కు తెగిపోయే లింకు. మడ్ ఆటలు టెల్నెట్ అనే పాత ఒడంబడిక మీద, దాని అడుగున టీసీపీ మీద నడుస్తాయి. టీసీపీ దృష్టిలో ఒక సంబంధమంటే రెండు చివరల చిరునామాలు, రెండు పోర్టు అంకెలు. ఇంట్లో వైఫై వదిలి బస్సెక్కి మొబైల్ డేటాకు మారగానే ఫోను చిరునామా మారుతుంది, సంబంధం తెగుతుంది. వేరే యాప్ తెరిచినా, ఫోను జేబులో పెట్టినా ఆండ్రాయిడ్ కాసేపటికి వెనకాల నడిచే లింకును కత్తిరిస్తుంది. పాత మడ్‌లలో దీనికి 'లింక్ డెడ్' అని పేరుంది. మనిషి లేడు, అతని పాత్ర మాత్రం వీధిలో కొయ్యబారి నిలబడి ఉంటుంది, దారిన పోయే రాక్షసుడు కొట్టి పోతాడు. చిరునామా మారినా సంబంధాన్ని గుర్తుపట్టే పద్ధతులు ఇప్పుడున్నాయి. 2012లో మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ నుంచి వచ్చిన మాష్, 2021లో ప్రమాణంగా ఖరారైన క్విక్ అలాంటివే. ఇంతకన్నా తేలికైన దారి ఆట నడకనే మార్చడం. రెండు సెకన్లకొక దెబ్బ పడే యుద్ధాలు కీబోర్డుకు పదివేళ్లూ అంకితం చేసినవాళ్ల కోసం పుట్టాయి. బొటనవేలితో టైపు చేసేవాడికి ఒకరి తర్వాత ఒకరు, గంటలు పట్టినా ఇబ్బంది లేకుండా సాగే ఆట నప్పుతుంది.

నెట్‌వర్కు దాటాక తెర వస్తుంది. అసలు తెలుగు కష్టాలు ఇక్కడ మొదలవుతాయి. పాత మడ్ తెర గళ్ల నోటు పుస్తకం లాంటిది: ఒక గడికి ఒక అక్షరం, వరుసకు ఎనభై గళ్లు. గీతలు, చుక్కలు, ప్లస్ గుర్తులతో పటాలు గీసేవాళ్లు. తెలుగు ఆ గళ్లలో ఇమడదు. 'స్త్రీ' తెర మీద ఒకే అక్షరం, లోపల ఆరు సంకేతాలు. దాని వెడల్పు ఎన్ని గళ్లో ఏ ప్రమాణమూ నికరంగా చెప్పదు. ఒత్తులు కిందికి, తలకట్లు పైకి పోతాయి కాబట్టి వరుసల మధ్య దూరం కూడా మారాలి. ఈ కూర్పు ఎంత సున్నితమైందో 2018 ఫిబ్రవరిలో లోకమంతా చూసింది. 'జ్ఞా' అనే అక్షరాన్ని మధ్యలో ఒక కనిపించని సంకేతంతో కలిపి పంపితే ఐఫోన్లలో సందేశాల యాప్‌లు కుప్పకూలాయి. ఆపిల్ ఆ నెలలోనే సవరణ విడుదల చేయాల్సి వచ్చింది. విజ్ఞానంలో ఉన్న అక్షరమే ఫోను పీక నొక్కడం చిత్రమే. అందుకని తెలుగు ఆట పాత టెర్మినల్ రూపాన్ని అనుకరించకూడదు. గళ్లు, పటాలు వదిలేసి, వాట్సాప్ సంభాషణలా వాక్యాల వరుసగా కనిపిస్తే, ఫోనులోనే ఉన్న అక్షర కూర్పు యంత్రాంగం మిగతాది చూసుకుంటుంది.

టైపు చేయడం గురించి చాలామంది గాభరా పడతారు. నిజానికి ఈ సమస్యకు తెలుగువాళ్లు ముప్పై ఏళ్ల నాడే ఒక దారి వేసుకున్నారు. 1990ల మొదట్లో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాసే ఒక కట్టుబాటును, దాన్ని తెలుగు లిపిలోకి మార్చే ప్రోగ్రామును తయారు చేశారు. సాక్, కల్చర్, ఇండియన్, తెలుగు అని చుక్కలతో పేరు పెట్టుకున్న యూజ్‌నెట్ గుంపులో ప్రవాసులు పద్యాలు, వాదాలు, వెక్కిరింతలు ఆ కట్టుబాటులోనే రాసుకున్నారు. తర్వాత వచ్చిన లేఖిని అనే టైపింగు సాధనానికి కూడా ఆధారం అదే. ఇప్పుడు ఫోను కీబోర్డులు ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు చూపిస్తాయి, మాట్లాడితే టైపు చేస్తాయి. అయినా వాట్సాప్‌లో చాలామంది ఇంగ్లీషు లిపిలోనే తెలుగు వదిలేస్తారు, అదీ ఎవరి ఇష్టమొచ్చిన స్పెల్లింగుతో వాళ్లు. 'ఉత్తరం' అనే మాట మొదట్లో వీ పెట్టేవాళ్లు, పెట్టనివాళ్లు, మధ్యలో టీ రెండుసార్లు కొట్టేవాళ్లు, హెచ్ తగిలించేవాళ్లు ఉంటారు. ఆట వీటన్నిటినీ ఒప్పుకోవాలి. రెట్టింపు అక్షరాలను ఒకటి చేసి, హెచ్‌లను, మొదటి వీని తీసేసి, మిగిలిన అస్థిపంజరాన్ని పోల్చితే చాలా తేడాలు మాయమవుతాయి. పదకోశం చిన్నది కాబట్టి ఇది సాధ్యం. 'జోర్క్' అనే ప్రసిద్ధ ఆట మొదటి భాగం మొత్తం పదకోశం దాదాపు ఏడు వందల మాటలు. ఆ ఏడు వందల్లో టైపు చేసినదానికి దగ్గరది ఏదో కనిపెట్టడం ఒకటి, లక్ష మాటల నిఘంటువులో వెతకడం ఒకటి.

ఇక అసలు విషయం, వ్యాకరణం. "గివ్ కీ టు రాజు" అనే ఇంగ్లీషు ఆజ్ఞలో ఏది వస్తువో, ఎవరు పుచ్చుకునేవాడో మాటల వరుస చెబుతుంది. వరుస తారుమారైతే అర్థం తారుమారు. అందుకే ఇంగ్లీషు ఆటల్లో ఆజ్ఞలకు కచ్చితమైన అచ్చులుంటాయి, ఆటగాడు వాటిని బట్టీ పడతాడు. తెలుగులో "రాజుకు తాళం ఇవ్వు", "తాళం రాజుకు ఇవ్వు", "ఇవ్వు రాజుకు తాళం" మూడూ ఒకటే. ఎవరి పాత్ర ఏమిటో విభక్తి ఆ మాట వీపుకే అంటించి పంపుతుంది. పాణిని కారకాలు అన్నది ఈ సంబంధాలనే. 1995లో అక్షర భారతి, వినీత్ చైతన్య, రాజీవ్ సంగల్ పేర్లతో వచ్చిన పుస్తకం భారతీయ భాషలను కంప్యూటరుతో విశ్లేషించడానికి ఇంగ్లీషు నమూనా బదులు ఈ పాణినీయ నమూనాను ప్రతిపాదించింది. ఆ ఆలోచన తర్వాత హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీలో వేళ్లూనుకుంది. హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో గారపాటి ఉమామహేశ్వరరావు బృందం తెలుగు పదాలను ప్రకృతి, ప్రత్యయాలుగా విడదీసే ప్రోగ్రాముల మీద ఏళ్ల తరబడి పనిచేసింది. కాబట్టి ఆటకు కావలసిన సిద్ధాంతం మన ఇంట్లోనే ఉంది. ప్రోగ్రాము చేయాల్సింది క్రియను పట్టుకుని, ఆ క్రియకు ఏ కారకాలు కావాలో చూసి, విభక్తులను బట్టి మాటలను ఆ గూళ్లలో పడేయడం. 'కు' అటు పుచ్చుకునేవాడికీ వస్తుంది, ఇటు చేరే చోటుకీ వస్తుంది. "రాజుకు ఇవ్వు", "కీసరకు వెళ్లు" మధ్య తేడా క్రియ తేలుస్తుంది. "తాళంతో తలుపు తెరువు", "రాజుతో మాట్లాడు" రెండింటిలోనూ 'తో' ఉన్నా, తాళం వస్తువనీ రాజు మనిషనీ ఆటకు ముందే తెలుసు. మామూలు అనువాద యంత్రానికి లేని ఈ సౌకర్యం ఆటకు ఉంది. తన లోకంలో ఉన్నవన్నీ దానికి పేరుపేరునా తెలుసు.

అంతా సాఫీగా ఉందని చెప్పను. తెలుగు నామవాచకం విభక్తి ముందు వేషం మారుస్తుంది. ఇల్లు ఇంటికి అవుతుంది, రాయి రాతితో అవుతుంది, మునేరు మునేటి గట్టు అవుతుంది. "ఏటికి" అంటే ఏరు అనుకోవాలా, ఏడు అనుకోవాలా? ప్రాణం లేని వస్తువుకు ద్వితీయ తరచుగా రాదు: "తాళం తీసుకో" అంటాం, 'తాళాన్ని' అనం. ఇక "రాజు తాళం తీసుకో" అంటే రాజు అనే మనిషికి చెబుతున్న ఆజ్ఞా, రాజుగారి దగ్గరున్న తాళమా? ఇక్కడ మాత్రం వరుస చూడక తప్పదు. మన ప్రాంతంలోనే ఒకరు "తలుపు తియ్యి" అంటే ఇంకొకరు "తెరువు" అంటారు, మరొకరు "తీ" తో ముగిస్తారు. సంధి కలిపి "తలుపుతీ" అని ఒకే మాటగా కొట్టేవాళ్లకు కొదవ లేదు. వీటిలో ఏ ఒక్కటీ పరిశోధనాంశం కాదు, ఓపిక అంశం. ఆటలో ఐదు వందల నామవాచకాలుంటే ఒక్కోదాని పక్కన విభక్తి ముందు అది మారే రూపం, అంటే ఔపవిభక్తిక రూపం, రాసుకోవాలి, అరవై క్రియలుంటే వాటి పర్యాయాలు చేర్చాలి. సందేహం వస్తే ఆట ఎదురు ప్రశ్న వేయవచ్చు: "ఏ తాళం, రాజు దగ్గరున్నదా?" మనుషులు కూడా చేసేది అదే.

చదవడం కంటే చెప్పడం కష్టం. దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. పలువురు ఆడే ఆటలో ఒకే సంఘటనను మూడు కోణాల్లో చెప్పాలి. ఇచ్చిన సీతకు "నువ్వు రాజుకు తాళం ఇచ్చావు" అని, పుచ్చుకున్న రాజుకు "సీత నీకు తాళం ఇచ్చింది" అని, చూస్తున్న వాళ్లకు "సీత రాజుకు తాళం ఇచ్చింది" అని. డీకూమడ్‌లో ఇందుకు ఖాళీలున్న ఒక వాక్యపు అచ్చు ఉంటుంది, పేర్లు ఆ ఖాళీల్లో పడతాయి. ఇంగ్లీషుకు అది చాలు. తెలుగులో పేరు చివరి అచ్చును బట్టి రవికి, రాజుకు అని ప్రత్యయం మారాలి. ఇది తేలిక. క్రియ మాత్రం కర్తను బట్టి ఇచ్చాడు, ఇచ్చింది, ఇచ్చారు అని మారుతుంది. ఆటగాడు తాను ఆడో మగో చెప్పదలుచుకోకపోతే? మడ్‌లలో అలా చెప్పకుండా ఉండటం ఎప్పటి నుంచో ఉన్న అలవాటు. తెలుగు క్రియ ఆ గుట్టు దాచదు. "వారు ఇచ్చారు" అని గౌరవ బహువచనం పట్టుకుంటే లింగం కనుమరుగవుతుంది, ప్రోగ్రామరుకూ పని తగ్గుతుంది. కానీ దొంగ కూడా "గారు" అయిపోతాడు, "రాక్షసులవారు మిమ్మల్ని కరిచారు" అనే పరిస్థితి వస్తుంది. నాకైతే మనుషులకు గౌరవ బహువచనం, రాక్షసులకు ఏకవచనం, స్నేహితులు అనుమతించుకుంటే వాళ్ల మధ్య 'నువ్వు' అన్న ఏర్పాటు సబబుగా తోస్తుంది. ఊళ్లో కూడా ఇంచుమించు అదే పద్ధతి. ఇది సాంకేతిక నిర్ణయంలా కనిపించే మర్యాద నిర్ణయం, దీన్ని ఇంగ్లీషు ఆటను అనువదించి సాధించలేం.

ఇంత శ్రమ ఎవరి కోసం అంటే, మొదటి జవాబు చూపులేనివాళ్ల కోసం. తెర మీది పాఠాన్ని చదివి వినిపించే సాఫ్ట్‌వేరు ఆండ్రాయిడ్ ఫోన్లలో ఉచితంగానే ఉంటుంది. కంప్యూటర్ల కోసం ఎన్వీడీఏ 2006 నుంచి ఉచితంగా అందుతోంది. రెండిటికీ తెలుగు పలికే గొంతులున్నాయి. బొమ్మల ఆటను ఈ గొంతులు వర్ణించలేవు. అక్షరాల ఆటను పూర్తిగా వినిపించగలవు. ఇంగ్లీషు మడ్‌లలో 'ఆల్టర్ ఈయాన్' లాంటి చోట్ల చూపులేని ఆటగాళ్లు పెద్ద సంఖ్యలో ఉండటం యాదృచ్ఛికం కాదు. అక్కడ వాళ్లు ఎవరి దయా లేకుండా చూపున్నవాళ్లతో సమానంగా ఆడతారు. గీతలతో గీసిన పటాలను గొంతు "గీత గీత ప్లస్ గీత" అని చదివి విసిగిస్తుంది కాబట్టి, పైన తెలుగు లిపి కోసం చెప్పిన మార్పే వీళ్లకూ పనికొస్తుంది.

బొమ్మల ఆటలు అరచేతిలో ఉండగా అక్షరాలు ఎవరు చదువుతారన్నది బలమైన అభ్యంతరమే. 2020 సెప్టెంబరులో పబ్జీని నిషేధించినప్పుడు ఊళ్లలో కుర్రాళ్లు ఎంత దిగాలు పడ్డారో తెలిసినవాళ్లు ఈ ప్రశ్న తప్పక వేస్తారు. వాళ్లందరూ అక్షరాల ఆటకు మళ్లుతారని నేను అనను. అయితే తెలుగువాళ్లు మాటలతో మూకుమ్మడిగా ఆడరన్నది నిజం కాదు. అష్టావధానంలో ఎనిమిది మంది పృచ్ఛకులు వంతులవారీగా వేసే చిక్కులన్నీ మాటలే, అందులో అప్రస్తుత ప్రసంగం పని ఆటగాడి ఏకాగ్రత చెడగొట్టడమే. ఆకాశవాణి సమస్య ఇస్తే శ్రోతలు కార్డు మీద పూరణ రాసి పంపేవాళ్లు. కంది శంకరయ్య ప్రారంభించిన 'శంకరాభరణం' బ్లాగు రోజుకొక సమస్యతో ఏళ్ల తరబడి పద్యకవులను కూడగట్టింది. ఇప్పుడు అలాంటి పూరణలు ఫోనుల్లోనే, వాట్సాప్ గుంపుల్లోనే సాగుతున్నాయి. 'ఛందం' అనే ఉచిత సాఫ్ట్‌వేరు పద్యంలో గురులఘువులు, యతిప్రాసలు లెక్కగట్టి తప్పు ఎక్కడుందో చూపిస్తుంది. తెలుగు పాఠానికి యంత్రం అంపైరుగా నిలబడగలదని అది ఈపాటికే రుజువు చేసింది. వీటికి లేనిది ఒక్కటే, అందరూ తిరిగే ఉమ్మడి లోకం. అదీ కాక, మడ్ బతకడానికి లక్షల మంది అక్కర్లేదు. ఒకేసారి పాతిక మంది ఉంటే వీధులు సందడిగా ఉంటాయి.

రెండో అభ్యంతరం కొత్తది. ఇప్పుడు కృత్రిమ మేధ తెలుగు అర్థం చేసుకుంటోంది, కథ కూడా చెబుతోంది, ఇక ఈ విభక్తుల పట్టికలు ఎందుకు? 2019లో వచ్చిన 'ఏఐ డంజియన్' సరిగ్గా ఈ దారినే పట్టింది, ఒంటరిగా ఆడేవాడికి అది గమ్మత్తుగానూ ఉంటుంది. నలుగురు ఆడే చోట మాత్రం తాళం ఎవరి చేతిలో ఉందన్న ప్రశ్నకు ఒకే జవాబు ఉండాలి. భాషా నమూనా నమ్మదగ్గ వాక్యం చెబుతుంది, అది లెక్కల పుస్తకం కాదు. సీత తాళం ఇచ్చేశాక కూడా ఆమె దాంతో తలుపు తీసిందని హాయిగా చెప్పేయగలదు. అందుకని స్థితిని డేటాబేసులోనే ఉంచి, ఆటగాడి గజిబిజి వాక్యాన్ని ఆజ్ఞగా మార్చడానికి మాత్రం నమూనాను వాడుకోవచ్చు. దానికి ప్రతి వాక్యానికీ ఎవరో బిల్లు కట్టాలి, నెట్‌వర్కు నీరసంగా ఉన్నప్పుడు ఎదురుచూడాలి. ఐదు వందల మాటల పట్టిక పాత ఫోనులో కూడా ఊరికే నడుస్తుంది.

మూడోది వ్యసనం, దూషణ. డబ్బు సంగతి తేలిపోయింది: పందెం పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల మీద ఆంధ్రప్రదేశ్ 2020లోనే నిషేధం తెచ్చింది, 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. ఇక్కడ పందేలు లేవు. కానీ అక్షరాలు కదా, ఏం చేస్తాయిలే అనుకోవడానికి వీల్లేదు. తరగతులు ఎగ్గొట్టి మడ్‌లలో మునిగిన కాలేజీ పిల్లలు 1990ల అమెరికాలో కోకొల్లలు. 1993లో జూలియన్ డిబెల్ 'విలేజ్ వాయిస్' పత్రికలో రాసిన వ్యాసం, పావెల్ కర్టిస్ జెరాక్స్ పరిశోధన కేంద్రంలో నెలకొల్పిన లాంబ్డామూ అనే అక్షర లోకంలో ఒకడు ఇతరుల పాత్రల మీద మాటలతో చేసిన అత్యాచారాన్ని, దానివల్ల నిజం మనుషులకు కలిగిన గాయాన్ని బయటపెట్టింది. ఆ ఘటన తర్వాత అక్కడ అర్జీలు, ఓటింగు పద్ధతి పెట్టుకున్నారు. తెలుగు ఆటకూ ఇది తప్పదు, ఇంకాస్త ఎక్కువే కావాలి. తెలుగు బూతులను పట్టే జల్లెడలు పలచన, ఇంగ్లీషు లిపిలో స్పెల్లింగు మార్చి రాస్తే అవి మరీ దొరకవు. పైన 'ఉత్తరం' కోసం రాసుకునే అస్థిపంజరం పోలికే వీటికీ వాడాలి. ఎవరినైనా తమకు వినపడకుండా చేసుకునే ఆజ్ఞ మొదటి రోజునుంచే ఉండాలి, పిల్లలకు వేరే ద్వారం ఉండాలి, ఎవరిని బయటికి పంపాలో తేల్చే ఇద్దరు ముగ్గురు పెద్దమనుషుల పేర్లు అందరికీ తెలిసి ఉండాలి. ఈ పనుల్లో చాలావరకు ప్రోగ్రాముతో తేలేవి కావు కాబట్టి ప్రోగ్రామర్లు వీటిని చివరికి వాయిదా వేస్తారు. లాంబ్డామూలో ఆ నియమాలు గాయం తగిలాక వచ్చాయి.